పేరు మరిచిన ఈగ ఎటు పోతుంది?

'తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు' అనే సామెత మనందరం విన్నదే. పిహెచ్‌డి చేసే రోజుల్లో సామెతల్లో స్త్రీ గురించి ఒక సెమినార్ పేపరు రాస్తూ నేను కూడా దీన్ని ఉదహరించాను, నాలుగు వాక్యాల్లో ఖండించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. అదే సామెతను కొన్నేళ్ల తర్వాత ఒక రిజిస్టరులో చదవాల్సి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

హైదరాబాదు శివార్లలో డిమెన్షియా ఉన్న వృద్ధులను చూసుకునే ఒక హోం ఉంది. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు మా అమ్మమ్మను ఇరవై మూడు రోజులు అక్కడ ఉంచాం. తిరిగి తీసుకొచ్చే రోజు ఆఫీసు గదిలో బిల్లు కోసం కూర్చుని, బల్ల మీదున్న రోజువారీ రిజిస్టరు తిరగేశాను. అమ్మమ్మ పేరు లేదు, మంచం నంబరు ఉంది. 'సాయంత్రం 5.10. తిరుగుతోంది. గేటు దగ్గర నుంచి తెచ్చాం.' మర్నాడు: 'తిరుగుతోంది. మాట వినడం లేదు. మాత్ర ఇచ్చాం.' ఆ మర్నాడూ అంతే. ఇరవై మూడు రోజుల్లో ఎనభై దాటిన మనిషి గురించి నమోదైన ముఖ్యమైన క్రియ ఒక్కటే - తిరగడం. పక్క పేజీలో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉన్నాడు. ఆయనా రోజూ వరండాలో అటూ ఇటూ నడుస్తాడు. ఆయన గురించి మాత్రం 'వాకింగ్ చేశారు' అని రాసి ఉంది.

అదే నడక. క్రియ మారింది. క్రియ మారడంతో మాత్ర కూడా మారింది. సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నాకు మొదట కనిపించింది భాష. మగవాడు ఇల్లు వదిలి నడిస్తే దానికి మన భాషలో ఎన్ని గౌరవాలు! సంచారం, దేశాటన, యాత్ర, పరివ్రాజకత్వం. ఆడది నడిస్తే తిరుగుడు. 'తిరుగు' అనే ధాతువు ఎంత పెద్దదో చూడండి. తిరిగి రావడం అందులోనే ఉంది, తిరుగుబాటు అందులోనే ఉంది. మనం ఆ రెండో మాటను ఎత్తిపట్టుకుని సాహిత్యం నిర్మించుకున్నాం. ఈ వ్యాసం ఆ సాహిత్యం గురించే. అందులో నా వాటా గురించి కూడా.

మతిమరుపు గురించి మన భాషలో మొదటి కథ ఏది అని అడిగితే నేను ఈగ కథ అంటాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఈగ తన పేరు మరిచిపోతుంది. పెద్దమ్మ దగ్గరకు పోయి నా పేరేమిటని అడుగుతుంది. నాకేం తెలుసు, నా కొడుకునడుగు అంటుంది పెద్దమ్మ. కొడుకు చేతిలో గొడ్డలినడగమంటాడు. గొడ్డలి చెట్టును చూపిస్తుంది. అలా ఒకరి తర్వాత ఒకర్ని అడుగుతూ ఈగ తిరుగుతూనే ఉంటుంది. చివరికి గుర్రం కడుపులో ఉన్న పిల్ల సకిలించిన సకిలింపులో దానికి తన పేరు వినిపిస్తుంది. పిల్లలను నవ్వించడానికి చెప్పే కథ ఇది. కానీ ఇంటి పని చేస్తూ చేస్తూ పేరు పోగొట్టుకోవడం, పేరు కోసం గడప దాటడం, అడిగిన ప్రతివాళ్లూ నాకు తెలియదని ఇంకొకరి మీదికి నెట్టడం... ఈ కథను మొదట అల్లింది ఎవరో ఇల్లు అలికిన మనిషే అయి ఉంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆ ఈగనే పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణిని చేశారు. మన పత్రికల పాఠకులకు ఆ కథను మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఇల్లు తుడిచి, ముగ్గులేసి, పండగలు చేసి, ఒకరోజు హఠాత్తుగా తన పేరు గుర్తుకు రాక ఆమె గిలగిలలాడుతుంది. పనిమనిషికి ఆమె అమ్మగారు. పిల్లలకు అమ్మ. భర్తకు ఏ పేరుతో పిలిచినా తేడా లేదు. సర్టిఫికెట్ల మీద పేరుంటుంది కదా అని పుట్టింటికి బయల్దేరుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు 'శారదా' అని పిలవడంతో పేరు దొరుకుతుంది. పేరుతో పాటు పాట, బొమ్మలు, తరగతిలో మొదటి ర్యాంకు కూడా తిరిగి వస్తాయి.

నా సిద్ధాంత గ్రంథంలో ఈ కథకు ఒక అధ్యాయంలో సగం ఇచ్చాను. మరుపు పితృస్వామ్యం పెట్టిన జబ్బు అనీ, గడప దాటడమే దానికి మందు అనీ రాశాను. 'విస్మృతి నుండి అస్తిత్వానికి' అని ఉపశీర్షిక కూడా పెట్టాను. రాసిన రోజు అది నిజమే. ఇప్పుడూ అబద్ధం కాదు. కానీ మా ఇంట్లో నిజంగానే ఒక స్త్రీ తన పేరు మరిచిపోయి, నిజంగానే గడప దాటి వెళ్ళిపోతున్నప్పుడు, ఆ వాక్యాలతో ఏం చేయాలో నాకు తెలియలేదు. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? గేటుకు కొత్త తాళం కొనుక్కొచ్చాను.

* * *

మా అమ్మమ్మ ఊరు కదలకుండానే మూడు రాష్ట్రాలు చూసింది. పుట్టింది నిజాం పాలనలోని హైదరాబాదు రాష్ట్రంలో. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 2014లో తెలంగాణ అయింది. సిద్దిపేట తాలూకా కాస్తా 2016 అక్టోబరులో జిల్లా అయింది. జ్ఞాపకశక్తి పరీక్ష చేసిన డాక్టరు మీది ఏ జిల్లా అని అడిగితే అమ్మమ్మ మెదక్ జిల్లా అంది. అక్కడ ఒక మార్కు పోయింది. ఆమె తప్పు చెప్పిందా? ఆమె జీవితంలో అత్యధిక కాలం అది సరైన జవాబే. ఈ పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. అందులో ఒక వాక్యం రాయమంటారు, ఒక మాటను వెనక నుంచి అక్షరాలు కూర్చమంటారు. అక్షరం రాని ఆడవాళ్లకు అది ఎలా సరిపోతుంది? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని వృద్ధుల కోసం దీన్ని హిందీలో మార్చి రూపొందించిన పద్ధతి 1995లో వచ్చింది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో ఈ జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతుందనీ, చదువురాని వాళ్లలో కూడా ఈ తేడా ఉందనీ ఆ పరిశోధన చెప్పింది. అమ్మమ్మకు తెలుగుతో పాటు బజారు ఉర్దూ ధారాళంగా వచ్చు. చదువు లేదని మనం అనుకునే మనుషుల బుర్రల్లో ఏమేం ఉంటాయో కొలిచే కొలబద్దలు మన దగ్గర ఇంకా సరిగా లేవు.

2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. పట్టణాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఈ రెండు వాక్యాలను కలిపి చదవండి. ఈ జబ్బుతో ఉన్న మనిషి ముఖం ఊహించుకోమంటే మనకు కుర్చీలో కూర్చున్న విశ్రాంత అధికారి గుర్తుకొస్తాడు. కానీ ఆ ముఖం ఎక్కువగా పల్లెలోని ముసలి ఆడమనిషిది.

ఇక తిరగడానికి కారణాలు. హోం నుంచి వచ్చాక నేను దొరికినన్ని పరిశోధనా వ్యాసాలు చదివాను. నర్సింగ్ హోముల్లో తిరిగేవాళ్లకు ఏయే అంశాలు తోడవుతాయో పట్టికలు కట్టారు. జబ్బు ముదిరి ఉండటం, కాళ్లు ఇంకా సత్తువగా ఉండటం, నిద్ర చెడటం, నొప్పి, ఆకలి, విసర్జన అవసరాలు, విసుగు, ఆందోళన, కొత్త చోటు, గోల, మసక వెలుతురు, సాయంత్రం వేళ, జబ్బుకు ముందు చురుగ్గా తిరుగుతూ పనిచేసిన జీవితం. నడకను కూడా వర్గీకరించారు. నేరుగా ఒకచోటికి పోవడం, రెండు చోట్ల మధ్య అటూ ఇటూ నడవడం, చుట్టూ తిరిగిరావడం, తీరూ తెన్నూ లేకుండా పోవడం.

మొదట్లో ఈ తిరగడాన్ని లక్ష్యం లేని నడక అనేవారు. ఆ నిర్వచనాన్ని గట్టిగా ప్రశ్నించినవాళ్లలో నర్సింగ్ పరిశోధకులున్నారు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన డోనా ఆల్గేజ్, ఆమె సహచరులు 1996లో ఒక నమూనా ప్రతిపాదించారు. ఇలాంటి ప్రవర్తన వెనక చెప్పుకోలేని ఒక అవసరం ఉంటుందని వాళ్లన్నారు. మారని నేపథ్యం కొంత - మెదడు స్థితి, ఆరోగ్యం, పూర్వపు స్వభావం. క్షణక్షణం మారే కారణాలు కొన్ని - ఆకలి, నొప్పి, ఒంటరితనం, గది, వెలుతురు. మనిషిని మార్చలేకపోయినా రెండోవాటిని మార్చొచ్చు కదా అన్నది వాళ్ల వాదన. మంచం పక్కన నిలబడి రోగి ఒళ్లు తుడిచే వృత్తి నుంచి ఈ ఆలోచన వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

కానీ ఈ పట్టికలకూ ఒక కథకుడు ఉన్నాడు. 2007లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం అమెరికా మాజీ సైనికుల నర్సింగ్ హోముల్లో జరిగింది. అక్కడున్నవాళ్లు అత్యధికులు మగవాళ్లు. తిరిగేవాళ్లలో మగవాళ్లెక్కువ అని కొన్ని అధ్యయనాలు చెబుతాయి, మరికొన్నింట్లో ఆ తేడా కనిపించదు. పట్టికలో 'పూర్వపు వృత్తి' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో మా అమ్మమ్మ గురించి హోం వాళ్లు రాసింది - 'గృహిణి'.

* * *

మా అమ్మమ్మ గృహిణి కాదు. దాదాపు నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో బీడీ చాట లేని వాడకట్టు అరుదు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, పొద్దటి నుంచీ వెయ్యి బీడీల లెక్క. సాయంత్రానికి చాట చంకన పెట్టుకుని కంపెనీకి పోయి ఇచ్చి రావాలి. ఆలస్యమైతే గుమాస్తా వెళ్లిపోతాడు. నా చిన్నతనంలో ఆమె వెంట ఎన్నోసార్లు పోయాను. దారంతా బీడీల చాటలతో ఆడవాళ్లు. మాటలు, నవ్వులు, తిట్లు. ఆ నడక ఆమె రోజులో ఆమెకు దక్కిన ఒకే ఒక్క బయటి గాలి.

సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలు. గేటు. రిజిస్టరు చదువుతుంటే నా మనసులో దీపం వెలిగినట్లయింది. ఇంకో విషయం కూడా గుర్తొచ్చింది. ఇంట్లో ఆమెను పేరుతో పిలిచిన వాళ్లు లేరు. అత్తకు 'ఓ పిల్లా'. తాతకు 'ఏమే'. వాడకట్టుకు మా పెద్దమామ వాళ్లవ్వ. ఆమెను రోజూ పేరు పెట్టి గట్టిగా పిలిచింది కంపెనీలో లెక్క రాసుకునే గుమాస్తా ఒక్కడే. బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు మీద ఆ పేరే ఉంది. అంటే ఆమె తన పేరు వినిపించే చోటికి బయల్దేరుతోంది! ఈగ కథ, శారద కథ, అమ్మమ్మ కథ - మూడూ ఒక్క దారానికి వచ్చాయి. ఈ వ్యాసం నేను ఆ రోజే రాసి ఉంటే ఇక్కడితో ముగించేదాన్ని. చాలా అందంగా ఉండేది.

బిల్లు కట్టి బయటకొచ్చాక, అమ్మమ్మ బట్టలు సర్దుతున్న ఆయాతో నా సిద్ధాంతం చెప్పాను. పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి, రాత్రి డ్యూటీలో పన్నెండు మందిని ఇద్దరు చూసుకుంటారు. ఆమె ఓపిగ్గా విని, 'అది కూడ ఉంటదేమో అక్కా. కాని పెద్దమ్మకు ఆ యాళకు ఒంటికొస్తది. చెప్పరాదు. లోపలి బాత్రూం తలుపు గోడ రంగులనే ఉంటది, అది తలుపని ఆమెకు తెల్వది. పెరట్లకు పోవాలనుకుని బయటికి పోతది. నేనున్ననాడు అయిదు కాకముందే తీస్కపోత. ఆనాడు గేటు కాడికి పోదు' అంది.

రిజిస్టరు మళ్ళీ తెరిచి చూశాను. ఆమె డ్యూటీ ఉన్న రోజుల్లో అమ్మమ్మ గురించి ఏ రాతా లేదు. ఏమీ జరగని రోజులు కదా, రాయడానికేముంది?

నా విశ్లేషణ అంతా ఒక బాత్రూం తలుపు దగ్గర ఆగిపోయింది. ప్రతీకలు వెతికే అలవాటు మనలో ఎంత లోతుగా ఉందంటే, మూత్రానికి వెళ్లలేక అల్లాడుతున్న ఒక ముసలి దేహంలో కూడా అస్తిత్వ వేదన చదివేయగలం. రిజిస్టరు ఆమె నడకకు అర్థమే లేదంది. నేను అర్థం మరీ ఎక్కువుందన్నాను. ఇద్దరమూ ఆమెను అడగలేదు. ఆయా కూడా మాటల్లో అడగలేదు, కానీ చూసింది. చూసి, ఒక గంట ముందే చేయిపట్టుకుంది. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ నమోదు కాదు, జీతంలోనూ కనిపించదు. బీడీ గుమాస్తా సంగతి అబద్ధమని ఇప్పుడు కూడా అనను. ఆ రెండూ ఒకే సాయంత్రంలో ఉండొచ్చు. మన విమర్శ ఆ రెండింటికీ చోటివ్వాలి, అంతే.

ఆయా లేని రోజుల్లో ఇచ్చిన మాత్ర సంగతి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు మానసిక వ్యాధుల మందులు వాడితే మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లో కొత్త తరం మందుల గురించి, 2008లో పాత తరం మందుల గురించి కూడా హెచ్చరించింది. తప్పనిసరైన పరిస్థితుల్లో డాక్టర్లు వాటిని ఆలోచించి వాడతారు, నేను కాదనను. కానీ మనిషి కొరతకు మాత్రను ప్రత్యామ్నాయం చేసుకోవడం వేరు. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథలో చిన్నప్పటి నుంచి కంటినిండా నిద్రకు నోచుకోని స్త్రీ ఉంటుంది. జీవితమంతా ఎవరో ఒకరి కోసం లేస్తూనే ఉంటుంది. ఆ కథకు ఇంకో చివర మా అమ్మమ్మ ఉందనిపించింది. నిద్ర కావలసినన్నాళ్లూ పడుకోనివ్వలేదు. ఇప్పుడు నడవాలంటే నిద్రపుచ్చుతున్నాం.

* * *

అల్జీమర్స్ అని ఈ జబ్బుకు పేరిచ్చిన డాక్టరు మగవాడు. ఆయన మొదట వివరించిన రోగి స్త్రీ. ఆగస్ట్ డేటర్. 1901లో భర్త ఆమెను ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేర్చేనాటికి ఆమె వయసు 51. 1906లో చనిపోయింది. అదే ఏడాది నవంబరులో అలోయిస్ అల్జీమర్ ఆమె గురించి వైద్యుల సభలో వివరించాడు. పోయిందనుకున్న ఆమె కేసు ఫైలు 1990లలో మళ్ళీ దొరికింది. అందులో ఒక సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. పేరడిగితే ఆమె ఆగస్ట్ అని చెప్పింది. ఇంటిపేరు అడిగితే మళ్ళీ అదే పేరు. భర్త పేరడిగితే కూడా తన పేరే. పూర్తి పేరు రాయమంటే 'శ్రీమతి' అనే మాట వరకు రాసి ఆగిపోయింది.

శారద శ్రీమతిగా మిగిలి పేరు మరిచిపోయింది. ఆగస్ట్ మొగుడి పేరు మరిచి తన పేరు నిలుపుకుంది, కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం శ్రీమతి దగ్గరే ఆగింది. ఇందులోంచి కూడా గొప్ప ప్రతీక తీయాలని చేయి దురద పెడుతుంది. తీయను. ఆమె భయపడిందని, రాత్రుళ్లు అరిచేదని, దుప్పట్లు ఈడ్చుకుంటూ తిరిగేదని కూడా ఆ ఫైలు చెబుతుంది. ఆమెది విముక్తి కాదు.

ఈ మాట నాకు మొదట చెప్పింది మా అమ్మ. నేను శని, ఆదివారాలు హైదరాబాదు నుంచి వస్తాను. ఒకసారి తలుపుకు గొళ్లెం పెట్టడం చూసి, 'ముసలామెను బంధిస్తున్నామమ్మా, నడిచే హక్కు ఆమెకు లేదా?' అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తకుండానే అంది: 'నీ సిద్ధాంతం మంచిగనే ఉన్నది బిడ్డా. రాత్రి రెండు గంటలకు దర్వాజ కాడ కూసునేది ఎవరు?'

నాకు జవాబు లేదు. అమ్మకు అరవై దాటాయి. అంగన్‌వాడీలో పనిచేసి దిగిపోయింది. అమ్మమ్మకు ఇద్దరు కొడుకులున్నారు. నెలకింత పంపిస్తారు, మంచివాళ్లే. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా బాధ్యత పెట్టింది. భరణానికి నెలకు పదివేలు మించకుండా పరిమితి పెట్టింది. డబ్బును పంచొచ్చు. అర్ధరాత్రి లేచి వెంట నడవడాన్ని పంచే చట్టం లేదు. తిరిగే మనిషి వెనక తిరిగే మనిషి ఇంకొకరు ఉంటారు. ఆ రెండో మనిషి మోకాళ్లు అరుగుతాయి. ఆమె నడకకు కారణాలేమిటని ఏ పట్టికా అడగదు. స్త్రీవాదం ఎవరి పక్షాన నిలబడాలి? గడప దాటాలనుకునే తొంభైకి దగ్గరవుతున్న స్త్రీ పక్షానా, గడపకు అడ్డం పడుకున్న అరవయ్యేళ్ల స్త్రీ పక్షానా? మనం ఇంతకాలం గడపకు అడ్డం పడుకున్నది మగవాడేననుకుని కథలు చదివాం.

ఛాయాదేవి గారు తన చివరి కాలంలో కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమాన్ని తానే ఎంచుకుని వెళ్లారు. 2019లో పోయేవరకు తన నిర్ణయాలు తనవే. ఆ ఎంపిక ఎంతో గౌరవించదగ్గది. కానీ ఎంచుకునే శక్తే పోయిన స్త్రీకి ఏ ఆశ్రమం? నేను సిద్దిపేటలోనూ చుట్టుపక్కలా అడిగిన వృద్ధాశ్రమాల్లో ఒకే జవాబు: తమ పనులు తాము చేసుకునేవాళ్లనే తీసుకుంటాం, 'తిరిగేవాళ్లను' తీసుకోం. తీసుకునే హోములు హైదరాబాదులో ఉన్నాయి. వాటి నెల ఖర్చు అమ్మ పెన్షన్‌కు ఎన్నో రెట్లు.

* * *

అమ్మమ్మ రోజూ ఒక్కచోటికే పోతానంటే ఎంత బాగుండేది! కొన్నాళ్లు కంపెనీ. కొన్నాళ్లు అవ్వగారిల్లు. 'పొద్దుగూకుతుంది బిడ్డా, నేను పోత. అవ్వ ఎదురుచూస్తది' అంటూ కొంగులో నాలుగు మరమరాలు ముడేసుకుని బయల్దేరుతుంది. ఇంటికి పోతాననడం ఈ జబ్బులో లోకమంతటా వినిపించే మాటే. కానీ మా జిల్లాలో దానికి ఇంకో అర్థం వచ్చి చేరింది. ఆమె అవ్వగారి ఊరు మల్లన్నసాగర్ కింద ఉంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు ఖాళీ అయి, 2021లో నీళ్లు నింపడం మొదలైంది. 2022 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. యాభై టి.ఎం.సి.ల జలాశయం. ఆ ఊళ్లవాళ్లు చాలామంది ఇప్పుడు గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీలో ఒకేలా ఉండే ఇళ్ల వరసల్లో ఉన్నారు. పట్టికలో 'కొత్త చోటు' అని నాలుగక్షరాల్లో ఉన్న కారణం అక్కడి ముసలివాళ్లకు ఏమై ఉంటుందో ఊహించుకోండి. మతి బాగున్నవాళ్లకే అక్కడ ఇల్లు పోల్చుకోవడం మొదట్లో కష్టమైందని మా బంధువులు చెప్పారు.

అమ్మ మొదటిసారి నిజం చెప్పింది. 'ఎక్కడికి పోతవే అవ్వా? గా ఊరు నీళ్లల్ల మునిగింది.' అమ్మమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది, అప్పుడే విన్నట్లు. గంటకు మరిచిపోయింది. మళ్ళీ బయల్దేరింది. అమ్మ మళ్ళీ చెప్పింది. మళ్ళీ కొత్త ఏడుపు. మూడోసారి అమ్మ నోరు రాలేదు. నిజం చెప్పడం మనం విలువగా పెట్టుకున్న పని. కానీ ఒకే మరణవార్తను రోజుకు మూడుసార్లు చెప్పడం నిజాయితీ అవుతుందా? ఇప్పుడు అమ్మ 'ఊర్లె ఎవరెవరున్నరు, చెప్పు' అంటుంది. అమ్మమ్మ చెబుతుంది. చింతచెట్టు, ఎడ్ల కొట్టం, బొడ్రాయి, వాళ్లవ్వ. చెబుతూ చెబుతూ చాలాసార్లు గడప మీదే కూర్చుండిపోతుంది.

ఇప్పుడు మళ్ళీ 'ఇల్లలకగానే' దగ్గరకు వస్తాను. ఆ కథను తక్కువ చేయడానికి కాదు. శారదకు పేరు దొరకడానికి కొన్ని వసతులున్నాయి. సర్టిఫికెట్లు ఉన్నాయి. వాటిని దాచిన పుట్టిల్లు ఉంది. బతికున్న స్నేహితురాలుంది. అక్షరం, ఇల్లు, తోటివాళ్లు. మా అమ్మమ్మకు బడి లేదు, పుట్టిల్లు నీళ్లలో ఉంది, చాటలు పట్టుకుని నడిచిన తోటివాళ్లలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. నా అధ్యాయంలో నేను ఈ వసతులను గమనించలేదు. మరుపును రూపకంగా వాడుకునేటప్పుడు, నిజంగా మరిచిపోయేవాళ్లు మన పాఠకుల్లోనో వాళ్ల ఇళ్లలోనో ఉంటారని తట్టలేదు. 'మరుపు నుంచి విముక్తి' అని రాస్తే, మరుపు నుంచి బయటపడలేని స్త్రీ ఓడిపోయినట్లా? జ్ఞాపకం ఉంటేనే అస్తిత్వమని నేను చాలా ధీమాగా రాశాను. ఆ వాక్యం మా అమ్మమ్మను మనిషి కాదంటుంది.

అయితే కథలో ఇంకో సంగతి ఉంది, అప్పుడు నేను దాటేసింది. శారద తన పేరు తాను గుర్తుతెచ్చుకోలేదు. ఇంకొకామె పిలిచింది. ఈగకు కూడా అంతే, గుర్రం కడుపులోని పిల్ల సకిలిస్తేనే వినబడింది. ఎవరి పేరు వాళ్లే మోయనక్కర్లేదని, ఒకరు మరిచినప్పుడు ఇంకొకరు పట్టుకోవచ్చని ఆ రెండు కథలూ చెబుతున్నాయి. నేను దాన్ని ఒంటరి స్త్రీ ఆత్మాన్వేషణగా చదివాను. అది ఇద్దరు స్త్రీల కథ. పెద్దమ్మ నుంచి చెట్టు దాకా అందరూ 'నాకేం తెలుసు' అన్నారు కాబట్టే ఈగ అంత తిరగాల్సి వచ్చింది.

అమ్మ మోకాలు కొంత నయమయ్యాక మా ఇంట్లో కొన్ని మార్పులు చేశాం. బాత్రూం తలుపుకు ముదురు ఎర్ర రంగు వేయించాం, లోపల రాత్రంతా లైటు వెలుగుతుంది. నాలుగున్నరకు ఒకసారి తీసుకెళ్తాం. అయిదింటికి వాడకట్టు చివరి దాకా నడక. సోమవారం నుంచి శుక్రవారం దాకా వంతులవారీగా ఎదురింటి కోడలు, చిన్నమామ కొడుకు, అమ్మ. వారానికి రెండు రోజులు మగపిల్లవాడి వంతని అమ్మే పట్టుబట్టి పెట్టించింది. శని, ఆదివారాలు నేను. దుకాణాలవాళ్లకు చెప్పి ఉంచాం. కొంగు అంచుకు ఫోన్ నంబరు కుట్టాం. గేటు తాళం తీసేయలేదు. రాత్రి పదింటికి వేస్తాం. ఇది కూడా రాయాలి కదా. అమ్మ నిద్రపోవాలి.

అమ్మమ్మ పేరు ఇక్కడ రాయడం లేదు. తన సంగతి పత్రికలో వేయొచ్చో లేదో చెప్పగలిగే దశ ఆమె దాటిపోయింది. కానీ ఇంట్లో ఇప్పుడు అందరం ఆమెను పేరుతోనే పిలుస్తాం. మొదట్లో అమ్మకు సిగ్గేసింది, కన్నతల్లిని పేరు పెట్టి పిలవడమేమిటని. పోయిన ఆదివారం నడుస్తూ నేను పిలిస్తే అమ్మమ్మ ఆగింది. నన్ను ఎగాదిగా చూసి, 'నువ్వెవరి బిడ్డవే?' అంది. చెప్పాను. 'మంచిగున్నవా?' అని నా చెయ్యి పట్టుకుంది. కిరాణా దుకాణం దాటి, మూల మలుపు దాకా పోయి, వెనక్కి తిరిగాం.